మా నాయనగారి వర్డ్‌స్టారు

ఈ సంవత్సరపు సంచికకు ఏదైన వ్రాసి ఇమ్మని సంపాదకవర్గమువారు నన్ను కోరినప్పుడు, తెలుగు పండితుడను గనుక ఛందస్సును గూర్చియో సామెతలను గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. నేను వ్రాయబోవునది కంప్యూటరును గూర్చి. అదియు మన పాఠశాల కంప్యూటరు గదిలో నేడున్న యంత్రములను గూర్చి కాదు. మౌసు లేకయే, కేవలము మీటలతో నడచిన పాత యంత్రమును గూర్చియు, అందు మా నాయనగారు వాడిన వర్డ్‌స్టారు అను వ్రాత సాధనమును గూర్చియు. విద్యార్థులలో పలువురు ఈ పేరైనను వినియుండరు. తల్లిదండ్రులలో 1990 మొదలుకొని ఆ పదేండ్లలో పట్టణములకు పోయి కంప్యూటరు నేర్చినవారు మాత్రము దీనిని మరువరు. డాసు, వర్డ్‌స్టారు, లోటసు, డీబేసు అను నాలుగు పేర్లను పంచాంగము చదివినట్లు ఒక్క ఊపిరిలో చెప్పుట ఆనాటి శిక్షణాలయములలో వాడుక.

మా నాయనగారు ఒంగోలులో కోర్టు సమీపమున ఒక వరండాలో రెమింగ్టన్ టైపు యంత్రమును ముందుంచుకొని, అర్జీలు, అఫిడవిట్లు, దస్తావేజుల నకళ్లు కొట్టి మమ్ములను పోషించిరి. మీటలవైపు చూడకయే పది వ్రేళ్లతోను టైపు చేయుదురు. కక్షిదారుడు తన గోడు చెప్పుకొనుచుండగా ఆయన అతని ముఖము చూచుచునే ఇంగ్లీషులో అర్జీ కొట్టుట నేను బాల్యములో గంటల తరబడి చూచితిని. క్రిస్మసు పండుగకు సంఘమువారి కార్యక్రమ పత్రికకు స్టెన్సిలు కొట్టి ఇచ్చుట ఆయన వంతు. దానికి కానియైనను తీసికొనలేదు.

1997లో నేను ఇంటర్మీడియటు ముగించితిని. ఆ వేసవిలో నాయనగారు నన్నొక కంప్యూటరు శిక్షణాలయములో చేర్పించిరి. అప్పటికే కోర్టు వీధిలో, "టైపు మిషను కాదండీ, కంప్యూటరులో కొట్టి ఇవ్వండి" అని అడుగువారు బయలుదేరిరి. తప్పు వచ్చినచో కాగితమంతయు మరల కొట్టనక్కరలేదని వకీళ్ల గుమాస్తాలకు తెలిసినది. మరుసటి సంవత్సరము నాయనగారు అప్పు చేసి, ఎవరో వాడి విడిచిన 386 యంత్రము నొకదానిని, డాట్ మాట్రిక్సు ప్రింటరును కొనితెచ్చిరి. తెరపై రంగులు లేవు. నల్లని నేలపై పచ్చని అక్షరములు మాత్రమే. విండోసు నడపు శక్తి దానికి లేదు. కావున వర్డ్‌స్టారే గతి.

నాయనగారికి దానిని నేర్పువాడను నేను. నాకు పదునెనిమిది ఏండ్లు, ఆయనకు ఏబది. మొదటి దినమున ఆయన అడిగిన ప్రశ్న నాకింకను జ్ఞాపకమున్నది. "ఒరేయ్ అబ్బాయ్, చేతులెక్కడ ఉండాలి?" అనిరి. ఆ ప్రశ్న శిక్షణాలయములో మాకెవ్వరికిని తోచలేదు. మేమందరము రెండు వ్రేళ్లతో పొడుచువారము.

దానికి సమాధానము వర్డ్‌స్టారు కట్టుబడిలోనే కలదు. అమెరికాలో సేమూర్ రూబిన్‌స్టీన్ అనునతడు 1978లో మైక్రోప్రో అను సంస్థను స్థాపించెను. రాబ్ బార్నబీ అను ప్రోగ్రామరు అతని కొరకు ఈ సాధనమును వ్రాసెను. సీపీ/ఎం అను పద్ధతిపై నడచు ఆనాటి చిన్న కంప్యూటర్ల కొరకై అది పుట్టినది. 1982లో డాసునకు వచ్చినది. ఆ తొలి యంత్రములలో పెక్కింటి కీబోర్డులపై బాణపు గుర్తుల మీటలు లేవు. తెరపై మెరయు గుర్తును, అనగా కర్సరును, పైకి క్రిందికి జరుపుట ఎట్లు? కంట్రోలు మీటను ఎడమ చిటికెనవ్రేలితో అదిమిపట్టి అక్షరపు మీటలను నొక్కవలెనని ఏర్పాటు చేసిరి. కంట్రోలుతో ఇ నొక్కినచో పై పంక్తికి, ఎక్స్ నొక్కినచో క్రింది పంక్తికి, ఎస్ నొక్కినచో ఎడమకు, డి నొక్కినచో కుడికి కర్సరు పోవును. ఈ నాలుగు మీటలను కీబోర్డుపై చూడుడు. ముగ్గులో వేయు నాలుగు చుక్కలవలె, పైనొకటి, క్రిందనొకటి, ప్రక్కల రెండు ఉన్నవి. వాటికి ఎడమ అంచుననున్న ఏ, కుడి అంచుననున్న ఎఫ్ ఒక్కొక్క అక్షరము కాక ఒక్కొక్క మాట చొప్పున దాటించును. ఆర్, సి అను రెండును తెర నిడివి చొప్పున పైకి క్రిందికి తిప్పును. చేతులు తమ స్థానమును వీడనక్కరలేదు.

నాయనగారికి ఇది విప్పి చెప్పగనే ఆయన ముఖము వికసించెను. "ఇది టైపు తెలిసినవాడు చేసిన పని" అనిరి. నాకు నెల దినములు పట్టిన చదువు ఆయనకు వారములో వచ్చినది. ఒక్క సంగతిలో మాత్రము ఆయన విసుగుకొనుచుండిరి. ఐ.బి.ఎం. వారి తొలి యంత్రములలో కంట్రోలు మీట ఏ అక్షరమునకు ఎడమ ప్రక్కనే ఉండెడిది. 1986లో వచ్చిన 101 మీటల కీబోర్డులో దానిని క్రింది మూలకు త్రోసి, ఆ చోట పెద్దక్షరముల మీటను నిలిపిరి. మా కీబోర్డు ఆ రెండవ జాతిది. చిటికెనవ్రేలు అలవాటుకొలది ప్రక్కకు పోయి, పంక్తి అంతయు పెద్దక్షరములలో పడుచుండెను. మంచి వంటయింటిలో ఉప్పుడబ్బాను ఎవరో అటకపై పెట్టినట్లున్నదని ఆయన సణుగుకొనుచుందురు. ఈనాటి కీబోర్డులన్నియు ఆ దోషమునే మోయుచున్నవని నా అభిప్రాయము.

ఇక కంట్రోలు కె, కంట్రోలు క్యు, కంట్రోలు పి అనునవి ఒక్కొక్క సంసారమునకు వాకిళ్లవంటివి. వాటి వెంట రెండవ అక్షరము నొక్కవలెను. కె తరువాత బి నొక్కి ఒకచోట, కె తరువాత కె నొక్కి మరియొకచోట గుర్తులు పెట్టినచో, ఆ నడుమనున్న భాగమును ఎత్తి వేరొకచోటికి మార్చవచ్చును. క్యు తరువాత ఏ నొక్కినచో ఒక మాటను వెదకి, అది వచ్చిన ప్రతిచోటను వేరొక మాటను పెట్టవచ్చును. ఒకే నమూనా అర్జీలో వాది పేరు మార్చి పదిమందికి ఇచ్చుటకు ఇది నాయనగారికి గొప్ప సాధనమైనది. పంక్తి మొదట చుక్క పెట్టి రెండక్షరములు వ్రాసినచో అది కాగితముపై అచ్చుపడక, ప్రింటరునకు ఆజ్ఞయగును. చుక్క, పి, ఏ అనినచో క్రొత్త పుట మొదలు. "చుక్క పెట్టి చెప్పితే వినే నౌకరు" అని ఆయన నవ్వుచుండిరి.

వర్డ్‌స్టారును ప్రేమించినవారు మా వరండాలోనే ఉండిరని తలపవలదు. ఆర్థర్ సి. క్లార్కు 1982లో వెలువడిన తన '2010' అను నవలను కొలంబోలో కూర్చుండి దీనితోనే వ్రాసి, ఒక్క ఐదంగుళముల డిస్కెట్టుపై న్యూయార్కుకు పంపెను. జార్జి ఆర్. ఆర్. మార్టిన్ అను అమెరికా నవలాకారుడు తాను నాలుగవ వర్డ్‌స్టారులోనే, ఇంటర్నెట్టు తగులని డాసు యంత్రముపై వ్రాయుచున్నానని 2014లో చెప్పెను. కెనడా రచయిత రాబర్ట్ జె. సాయర్, డాసునకు వచ్చిన ఏడవ రూపమును దాని పుస్తకములతో సహా కూర్చి 2024లో అందరికిని అందుబాటులో నుంచెను.

ఇప్పుడు నేను చెప్పవలసిన సంగతికి వచ్చుచున్నాను.

1998 వర్షాకాలములో ఒక మధ్యాహ్నము నేను కళాశాలనుండి వరండాకు పోయితిని. నాయనగారు ఎదుటి హోటలులో టీ త్రాగుటకు పోయియుండిరి. బల్లప్రక్కన దూరపు పల్లెనుండి వచ్చిన ఒక వితంతువు కూర్చుండియుండెను. భర్త తాలూకు కుటుంబ పింఛనుకై ఆమె వేయవలసిన అఫిడవిటు తెరపై నున్నది. ఉదయమునుండి నాయనగారు ఆమె కాగితములు చదివి, అడిగి తెలిసికొని, ఆరు పుటలు కొట్టియుండిరి. సాయంకాలములోగా వకీలుగారికి అందవలెను. నాకు నా పని తొందర. కళాశాలలో ఇయ్యవలసిన నాలుగు పుటల వ్యాసము కొట్టుకొని, నాలుగు గంటలకు క్రికెట్టు ఆటకు పోవలెను. మా వర్డ్‌స్టారులో ఒక సమయమున ఒక్క ఫైలునే తెరువగలము. నాది తెరువవలెనన్న ఆయనది మూయవలెను. కంట్రోలు కె తరువాత డి నొక్కినచో వ్రాసినది భద్రపరచి మూయును. నేను క్యు నొక్కితిని. అది వ్రాసినదానిని పారవేసి మూయుటకు. యంత్రము నన్నడిగినది కూడ: మార్పులను విడిచివేయుదువా, అవునా, కాదా? నేను చదువకయే అవును అనితిని.

నాయనగారు ఆ ఫైలును ఉదయమునుండి ఒక్కసారియైనను భద్రపరచలేదు. డిస్కు కఱకఱమని త్రిప్పుకొనుచు ఆలస్యము చేయునని చివరకే చేయుదురు. ఆరు పుటలును పోయినవి.

ఆయన తిరిగి వచ్చినప్పుడు తెరపై వర్డ్‌స్టారు మొదటి పట్టిక మాత్రమున్నది. "ఏమైందిరా?" అనిరి. "కరెంటు పోయింది నాయనా, ఇప్పుడే వచ్చింది" అని చెప్పితిని. ఆ దినములలో కరెంటు పోవుట వింత కాదు, మాకు యు.పి.ఎస్. లేదు. ఆ మాట నోటికి అంత సులభముగా వచ్చుట తలచుకొన్న నాకిప్పటికిని ఆశ్చర్యము. ఆ అమ్మ నావైపు చూచినది. ఆమెకు యంత్రపు సంగతి తెలియదు గాని, కరెంటు పోలేదని తెలియును. ఆమె తలపై దీపము వెలుగుచునే యుండెను. ఆమె ఏమియు అనలేదు.

నాయనగారు నిముషమాత్రము తెరను చూచిరి. పిమ్మట గుడ్డ కప్పియున్న రెమింగ్టనును ముందుకు లాగికొని, కాగితము ఎక్కించి, "అమ్మా, మొదటినుంచి చెప్పు" అనిరి. నేను నా వ్యాసము కొట్టుకొంటిని. ఆటకును పోయితిని. వకీలుగారు కోర్టు వదలి పోవువేళకు అఫిడవిటు ముగియలేదని, ఆమె కడపటి బస్సుకు పోయి మరునాడు మరల వచ్చెనని రాత్రి భోజనమువేళ అమ్మతో ఆయన చెప్పుచుండగా వింటిని. నాతో ఆ మాట ఎత్తలేదు. మరునాటినుండి మాత్రము ప్రతి పేరా చివరను ఆయన ఎడమచేయి కంట్రోలు కె, ఎస్ నొక్కుట కానవచ్చెను. ఎదురుగా కూర్చున్న ప్రతిసారి ఆ మీటల చప్పుడు నాకు వినబడుచుండెను.

తరువాత నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు పోయితిని, ఉద్యోగము వచ్చినది, వివాహమైనది. కోర్టు వీధిలో జిరాక్సు దుకాణములు, ఇంటర్నెట్టు కేంద్రములు నిండినవి. నాయనగారు వరండా విడిచి యంత్రమును ఇంటికి తెచ్చుకొనిరి. సెలవులకు పోయినప్పుడెల్ల, ఈసారి చెప్పుదును అనుకొందును. అంత చిన్న మాటను ఇన్నేండ్ల తరువాత ఎత్తుటెందుకని తిరిగి వచ్చెదను. 2011లో ఆయన కాలము చేసిరి.

గడచిన 2023 వేసవిలో ఇల్లు సున్నము వేయించుటకై సామానులు తీయుచుండగా, బీరువాలో మూడున్నర అంగుళముల ఫ్లాపీలు ఐదు దొరకినవి. నాలుగు బూజుపట్టి చదువుటకు రాలేదు. ఐదవదానిపై నాయనగారి చేవ్రాతతో 'సొంతం' అని ఉన్నది. యు.ఎస్.బి. ఫ్లాపీ డ్రైవు నొకదానిని తెప్పించి తగిలించితిని. అందు ఒకటే ఫైలు. తెరచి చూడగా అది తెలుగు. కాని ఇంగ్లీషు అక్షరములతో కొట్టిన తెలుగు. పుణెలోని సీ-డాక్ వారి జిస్టు కార్డు తగిలించినచో డాసు యంత్రములపైనను తెలుగు లిపి వచ్చెడిది గాని, మా యంత్రమునకు ఆ భాగ్యము లేదు. అందుచేత ఆయన తన జీవితకథను, చిన్ననాటి పల్లె, బడి, పెండ్లి, వరండా అన్నియు ఇట్లు వ్రాసికొనిరి.

చదువబోగా ఒక చిక్కు. ఇంచుమించు ప్రతి మాటకును చివరి అక్షరము లేదు. దాని స్థానమున నల్లని డైమండు గుర్తులో ఒక ప్రశ్నార్థకము. ఇంగ్లీషైనచో చివరి అక్షరము పోయినను మాట తెలియును. మనది అజంత భాష. మాట చివరనున్న అచ్చులోనే ప్రాణమున్నది. వచ్చాడు, వచ్చాడా, వచ్చాడో అను మూడింటికిని భేదమెక్కడ? తరగతిలో ఏటేట చెప్పు పాఠమే అయినను, ఆ రాత్రి అది నాకు వేరుగా తోచినది. ఏలయన, ఏడవ పుటలో, ఒక పేరా నడుమ ఈ మాటలున్నవి. ఆయన వాడుక భాషనే ఇచ్చుచున్నాను:

"ఆ రోజు కరెంటు పోలేదు. హోటల్లో నా నెత్తిమీద పంకా తిరుగుతూనే ఉంది. ఆ అమ్మకు బస్సు ఖర్చు నేనే ఇచ్చాను, కూలి తీసుకోలేదు. మరుసటి నెల ఆవిడకు పింఛను వచ్చింది. వాడే చెబుతాడ..."

ఇక్కడ ఆ నల్లని గుర్తు. దాని వెనుక, "అని నేను అడగలేదు."

వాడే చెబుతాడు అని అడుగలేదా? వాడే చెబుతాడా అని సందేహించి అడుగలేదా? చెబుతాడో చెప్పడో అనియా? ఒక్క అక్షరము. నేను మూడు దినములు ఆ పుటను ముందుంచుకొని కూర్చుంటిని. ఆయన స్వభావమునుబట్టి ఊహింప జూచితిని. ఊహించుకొలది నాకు కావలసినట్లే ఊహించుచున్నానని తెలియుచుండెను.

బడి తెరచిన పిమ్మట, కంప్యూటరు నందు ఆసక్తిగల పదవ తరగతి బాలిక నొకతెను పిలిచి, ఆ పేరాను చూపక, వేరొక పుటను చూపితిని. ఆమె ఏదో సాధనముతో అక్షరములకు మారుగా అంకెలను తెరపైకి తెచ్చినది. రెండు దినములలో వచ్చి, "మాస్టారూ, ఇవి పోలేదండి. ప్రతిదానికీ 128 ఎక్కువ ఉంది, అంతే" అనినది.

సంగతి యేమనగా, ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, గుర్తులు అన్నియు 0 మొదలు 127 వరకుగల సంఖ్యలలో ఇమిడిపోవును. దానికి ఏడు బిట్లు చాలును. కంప్యూటరు గదిలో, అనగా బైటులో, ఎనిమిది కలవు. వర్డ్‌స్టారు పాత రూపములు మిగిలిన ఆ ఎనిమిదవ బిట్టును తమ సొంత పనికి వాడుకొన్నవి. పంక్తులను రెండంచులకు సరిగా సర్దునప్పుడు, ఇచ్చట ఒక మాట ముగిసినదని ఆ మాట చివరి అక్షరముపై గుర్తు పెట్టుకొన్నవి. ఆ గుర్తు విలువ 128. చిన్న ఏ అక్షరపు సంఖ్య 97; గుర్తు పడినచో 225. ఓ సంఖ్య 111. గుర్తు పడినచో 239. యు సంఖ్య 117. గుర్తు పడినచో 245. ఈనాటి సాధనములు ఆ సంఖ్యలను ఎరుగక ప్రశ్నార్థకము చూపుచున్నవి. అక్షరములన్నియు ఎక్కడివక్కడనే ఉన్నవి.

ఇది ఆ బాలిక నల్లబల్లపై వ్రాసి నాకు బోధించినది. ఇరువదియైదేండ్ల క్రిందట వరండాలో నేను నాయనగారికి బోధించినట్లే, ఓపికతో, రెండుమారులు చెప్పినది. ఫైలంతయు ఒక్కమారుగా సరిచేయుదునని ఆమె అనగా, నేను ఏడవ పుట తెరచి, ఆ ఒక్క మాటమీద వ్రేలు పెట్టి, "మొదట దీని సంఖ్య చెప్పుమమ్మా" అనితిని.

ఆమె చూచి, "రెండు వందల నలుబదియైదు అండి" అనినది. నేను లెక్క వేయకముందే, "యు అండి మాస్టారూ. చెబుతాడు" అనినది.

ఆమెకు ఆ సంగతి ఇప్పటివరకు తెలియదు. ఈ సంచిక చదివి తెలిసికొనును. మా అమ్మకు పోయిన క్రిస్మసు సెలవులలో చెప్పితిని. ఫైలును తెలుగు లిపిలోనికి ఎత్తి వ్రాయుచున్నాను. ఇంకను నాలుగు పుటలు మిగిలియున్నవి.